ణ దగ్గర ఆగిన పాఠం

మా బాత్రూంలో కుళాయి ఐదు నెలలు కారింది. లోపలి రబ్బరు బిళ్ళ మారిస్తే చాలు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలే నాకు ఐదు నెలలూ దొరకలేదు. ఒకరోజు పొద్దున్నే కుళాయి కింద నిండిన బకెట్ తీసి ఖాళీ బకెట్ పెడుతుంటే ఫోను మోగింది. చేసింది రాయ్‌పూర్ పక్క ఉర్లాలో, వంతెనలకి ఇనుప భాగాలు చేసే మా పాత ఫ్యాక్టరీ ఫిట్టరు. స్టోర్స్ చూసే పెద్దాయన పోయారని చెప్పాడు. ఎప్పటిలాగే స్టోరు తాళం తీసి, ఫ్యాను వేసుకుని, కుర్చీలో కూర్చుని అలాగే వాలిపోయారట. ఎవరో బోల్టుల కోసం వచ్చి రెండుసార్లు పిలిచేదాకా ఎవరికీ తెలియలేదట.

ఫోను పెట్టేశాక నేను చేసిన మొదటి పని చెబితే నవ్వుతారు. ప్లంబర్‌కి ఫోన్ చేశాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఆయనకేమీ ఒరగదు, నాకు మాత్రం సిగ్గు ఇంకొంచెం పెరుగుతుంది. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే తెలుగువాళ్ళలో ఆయనొకరు. ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఫ్యాక్టరీలో హిందీ. ఈ మూడూ కలిపి కొట్టి ఆయన మాట్లాడేది నాలుగో భాష. బక్కపల్చటి మనిషి. ప్యాంటు ఎడమ జేబు మాత్రం ఎప్పుడూ కిందికి వేలాడుతూ ఉండేది. నడుస్తుంటే గలగలమని చప్పుడు. ఆ చప్పుడు వినపడగానే షెడ్డులో సగంమంది ఏదో పనిలో ఉన్నట్టు నటించేవాళ్ళు, నాతో సహా.

జేబులో ఉన్నవి వాషర్లు. బోల్టు కింద వేసే ఇనుప బిళ్ళలు. చెయ్యాల్సిన పని ఏదైనా మిగిలిపోతే ఆయన కాగితం మీద రాసుకునేవారు కాదు. స్టోర్లోంచి ఒక వాషరు తీసి ఎడమ జేబులో వేసుకునేవారు. చిన్న పనికి చిన్నది, పెద్ద పనికి పెద్దది. పని అవగానే తీసి మళ్ళీ డబ్బాలో పడేసేవారు. “ఇదేం పిచ్చి అన్నగారూ, హాయిగా డైరీ రాసుకోవచ్చు కదా” అన్నాను ఒకసారి.

“రాసుకుంటే ఏటవుతాది తమ్ముడూ? రాసీగానే పని ఐపోయినట్టు దిమాక్‌కి అనిపిస్తాది. ఇదైతే అలాక్కాదు. నడుస్తుంటే తొడకి తగుల్తాది. తగిలితే సిగ్గొస్తాది. సిగ్గొస్తే పనవుతాది. బస్, అంతే” అన్నారు.

శనివారం సాయంత్రం నాలుగింటికి ఆయన షెడ్డంతా ఒక చుట్టు తిరిగేవారు. ప్రతి మనిషి దగ్గరా ఆగి అడిగేది ఒకటే ప్రశ్న. “ఈ వారం ఏటి పీకుతోంది?” మనసులో పీకుతున్న పని ఏమిటని. పెద్ద పనుల జోలికి వెళ్ళేవారు కాదు. ఇల్లు కట్టడం, పెళ్ళి చెయ్యడం లాంటివి వాటంతటవే మనిషిని పట్టుకుని చేయించుకుంటాయట. మనిషిని తినేసేవి చిన్నవేనట. వెల్డరు పిల్లవాడి బడి ఫారం మీద సంతకం, క్రేన్ ఆపరేటరు బావమరిదికి చెప్పాల్సిన క్షమాపణ, మేనేజరుగారి డ్రాయరులో రెండేళ్ళుగా పడి ఉన్న వాళ్ళమ్మ విరిగిన కళ్ళజోడు. మేనేజరని కూడా చూడలేదు మహానుభావుడు. ఆ కళ్ళజోడు తీయించి, ఆయన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని కళ్ళద్దాల షాపుకి తీసుకుపోయారు.

ఒక్కటి గమనించాలి. ఆయన ఎవరి పనీ చేసిపెట్టేవారు కాదు. పక్కన నిలబడేవారు, అంతే. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మన చేతుల మీద పెట్టి, మాటాపలుకూ లేకుండా నిలబడేవారు. ఆ నిలబడటానికి తట్టుకోలేక మనమే చేసేసేవాళ్ళం.

నేను విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో టాటీబంధ్‌లో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. డ్రాయింగులు గీసే ఉద్యోగం. ఆఫీసు నుంచి రాగానే మంచం మీద పడిపోయేవాణ్ణి. పని పెద్దగా లేదు, అలసట మాత్రం కొండంత. రక్తపరీక్ష చేయించుకుందామా అనుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఆయన తలుపు తట్టారు. లోపలికి వచ్చి గదంతా ఒకసారి చూశారు. కిటికీకి గడియ లేదు, తాడుతో కట్టి ఉంది. కుర్చీ మీద గుండీలూడిన చొక్కాలు మూడు. బల్ల మీద సగం నింపిన బ్యాంకు ఫారం. గట్టు మీద ఇంటివాళ్ళ స్టీలు గిన్నెలు నాలుగు.

“ఇయ్యేటి?” అన్నారు గిన్నెలు చూపించి.

“ఇంటావిడ ఎప్పుడో కూరలు పంపించిందండీ. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా. ఏదైనా వండి అందులో పెట్టి ఇద్దామని...”

“నీకు వంటొచ్చా?”

“రాదు.”

“మరింకేటి, ఆ గిన్నెలు నీతోపాటు ముసిలివైపోతాయి” అని నవ్వి, “గుప్పెడు పంచదారెయ్యి. ఇచ్చీ” అన్నారు.

వేశాను. ఇచ్చాను. ఆవిడ నవ్వుకుంది, అంతే. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆ తర్వాత గడియ, గుండీలు, ఫారం. ఆఖరున, నాలుగు నెలలుగా మాట్లాడని మా నాన్నకి ఫోను. ఫోను బూత్ బయట కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు ఆయన. పదకొండున్నరకల్లా అన్నీ అయిపోయాయి. ఆ మధ్యాహ్నం నేను పడుకున్న నిద్ర ఇప్పటికీ గుర్తుంది. లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా, ఆకలి కరకరలాడుతూ, ఊరు కొత్తగా ఉంది.

“చేసిన పనికి ఒళ్ళు నొప్పెడతాది తమ్ముడూ, చెయ్యని పని బుర్ర తింటాది” అని సోమవారం ఆయన అన్నప్పుడు, ఈ మనిషి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు. అది కూడా తర్వాత పెడదాంలే అనుకుని ఉంటాను.

ఒకరోజు భోజనాల వేళ నేను తెలుగు వారపత్రిక చదువుకుంటూ ఉంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఆ పేజీ వైపే చూశారు. “గడగడా చదివీగలవా?” అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు తెలిసింది, ఆయనకి తెలుగు చదవడం రాదని. ఇక్కడ పుట్టినవాళ్ళలో చాలామందికి రాదు. మాట ఇంట్లో వస్తుంది, రాత బళ్ళో రావాలి, బళ్ళో ఉన్నది హిందీ.

ఆయన ఎడమ జేబులో చెయ్యి పెట్టి, అన్నిటికన్నా పెద్ద వాషరు తీసి నా ముందు పెట్టారు. అంచులు అరిగి నున్నగా అయిపోయి ఉంది.

“ఇది మా అమ్మది” అన్నారు.

వాళ్ళమ్మ చిన్నప్పుడు పలక కొనిచ్చి అక్షరాలు నేర్పాలని చూసిందట. ఈయన కూర్చుంటేనా! పోయే ముందు రెండు నెలలు మంచాన ఉండి, ఆవిడ ఒక ఉత్తరం రాసింది. అది ఈయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఎవరిచేతా చదివించుకోకూడదు, తానే నేర్చుకుని తానే చదువుకోవాలి. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్ళు.

“అందరివీ దింపిస్తాను. నాదొకటి దిగట్లేదు తమ్ముడూ. నేర్పుతావా?” అన్నారు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే.

ఎంత ధీమాగా చెప్పాననుకున్నారు! “అక్షరాలు ఇరవై రోజులు, గుణింతాలు ఒక నెల, ఒత్తులు ఇంకో నెల. దసరాకి మీ అమ్మగారి ఉత్తరం మీరే చదువుతారు అన్నగారూ, నాది పూచీ” అన్నాను.

బడి భోజనాల గంటలో. పలక అక్కర్లేదు, షెడ్డు నిండా ఇనుప ప్లేట్లే. కొలతలు గీసుకునే తెల్ల సుద్దతో మంచమంత ప్లేటు మీద అ రాయించాను, ఆయన చెయ్యి పట్టుకుని. కుర్రాళ్ళు “దాదా ఇస్కూల్ జావత్ హే!” అని, దాదా బడికి పోతున్నాడని, అరిచి ఈలలు వేసేవాళ్ళు. ఆయన పట్టించుకునేవారు కాదు. నాలుక కొంచెం బయటపెట్టి, నడుం వంచి, అక్షరం చుట్టూ తిరుగుతూ రాసేవారు. ఋ దగ్గర చెమటలు పట్టాయి. ఝ రాసిన ప్లేటు తుడవడం మరిచిపోతే అది అలాగే రంగు కిందికి వెళ్ళిపోయి, ఏ ఊళ్ళో ఏ వంతెనకి చేరిందో. “మన ఝ పక్కాగా ఉండిపోతాది” అని పది రోజులు చెప్పుకుని నవ్వారు.

ట ఠ డ ఢ ణ. అక్కడిదాకా వచ్చాం.

ణ నేర్పిన మర్నాడు నన్ను తెలీబంధాలో ఉన్న హెడ్డాఫీసుకి మార్చారు. ఉర్లా అరగంట దారి. “ఆదివారాలు వస్తాను అన్నగారూ, త నుంచి మొదలుపెడదాం” అన్నాను. మొదటి ఆదివారం ఇల్లు మారడం. రెండో ఆదివారం ఒళ్ళు నొప్పులు. ఆ తర్వాత నా పెళ్ళి, ఆ తర్వాత పిల్ల. కారణాలకేం, కావలసినన్ని ఉంటాయి. నిజం చెప్పాలంటే కారణం వాటిలో ఏదీ కాదు. మొదట్లో బద్ధకించాను. కొన్ని వారాలు గడిచాక, ఇన్ని రోజులు వెళ్ళలేదే అని సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఇంకా వెళ్ళలేకపోయాను. ఆఖరికి ఆయన నంబరు ఫోనులో కనిపిస్తే ఎత్తడానికి నాలుగైదు రింగులు పట్టేది. ఇతరుల పనులన్నీ పక్కన నిలబడి చేయించిన మనిషి, తన పని దగ్గరకి వచ్చేసరికి నా పక్కన వచ్చి నిలబడలేదు. తనకోసం అలా నిలబడటం ఆయనకి చేతకాలేదు.

శనివారం నాలుగింటికి ఫోను మాత్రం వచ్చేది. కోపం ఉండేది కాదు. “తమ్ముడూ, త నుంచి కదా?” అనేవారు. “అవునన్నగారూ, వచ్చే వారం” అనేవాణ్ణి. “హౌ, హౌ, ఫుర్సత్ చూసుకుని రా” అని పెట్టేసేవారు.

ఒకసారి ఏదో డ్రాయింగు పనిమీద ఉర్లా వెళ్ళినప్పుడు, స్టోర్లో నిలబడే, గడియారం చూసుకుంటూ అన్నాను. “ఇటివ్వండన్నగారూ ఆ ఉత్తరం. రెండు నిమిషాల్లో చదివేస్తాను. మీ బరువు దిగిపోతుంది.”

ఆయన ముఖం అలా మాడిపోవడం ఎప్పుడూ చూడలేదు. “నువ్వు చదివీసినావనుకో, మా అమ్మ నీకు రాసినట్టవుతాది” అన్నారు.

“పోనీ ఇంకెవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు కదా. తెలుగు సంఘంలో పంతులుగారున్నారు.”

“చెయ్యి పట్టి అ రాయించినోడివి నువ్వు. గురువుని మధ్యలో మారిస్తే సదువు రాదంటారు.” బోల్టుల డబ్బాకి మూత పెడుతూ, “నాకు జల్దీ లేదులే” అన్నారు.

జల్దీ లేదట! అబద్ధం చెప్పడం కూడా రాని మనిషి చెప్పిన అబద్ధం అది. నేను దాన్ని నమ్మినట్టు నటించి బయటపడ్డాను.

ఒక ఏడాది మేనకోడలి పెళ్ళికని ఆయన రైల్లో విజయనగరం వైపు వెళ్ళారు. దారిలోంచి ఫోన్ చేశారు. గొంతులో సంబరం ఆగడం లేదు.

“తమ్ముడూ! టేసన్ బోర్డు మీద తెలుగు చదివినాను! మొదటిది గ. రెండోది జ. గజ!”

“గజపతినగరం అన్నగారూ.”

“చెప్పీకు, చెప్పీకు! గజ తరవాతిది రాలేదు, దాని తరవాత రెండూ రాలేదు. మళ్ళీ మధ్యలో ఇంకో గ దొరికింది. అప్పుడికి రైలు కదిలిపోయింది.” నవ్వారు. “మిగిలినయ్యి నీ దగ్గరున్నాయి.”

ఆ మాటకి ఆ రోజు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. యాభై దాటిన మనిషి రైలు కిటికీ ఊచలకి ముఖం ఆనించి, తన తాతల ఊరి పక్క బోర్డు మీద మూడక్షరాలు పట్టుకుని, ఆ ఆనందం చెప్పుకోవడానికి నాకు ఫోన్ చేశారు. నేను ఆ వచ్చే ఆదివారం కూడా వెళ్ళలేదు.

చివరిసారి చూసింది టాటీబంధ్ చౌరస్తాలో. లారీల మధ్య ఆఫీసు కారు ఇరుక్కుపోయి ఉంది. కారులో పెద్ద మేనేజర్లు ఇద్దరు. కిటికీ మీద ఎవరో టకటకా కొట్టారు. చూస్తే స్కూటరు మీద ఆయన. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. అద్దం దించాను. హారన్ల గోలలో ఆయన ఒకే ఒక్క అక్షరం అరిచారు.

“త!”

ఫోన్ చేస్తానన్నట్టు చెయ్యి చూపించాను. లారీ కదిలింది, మా కారూ కదిలింది. “ఎవరాయన?” అని పక్కాయన అడిగాడు. “పాత ఫ్యాక్టరీ మనిషి” అన్నాను. నా గురువులాంటివాడని గాని, నా శిష్యుడని గాని చెప్పలేదు. ఆ వారం ఫోన్ కూడా చెయ్యలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆయన పోయారని ఫిట్టరు చెప్పాడు.

దహనానికి వెళ్ళాను. జనం విపరీతంగా వచ్చారు. పెద్దకర్మ అయిన వారం తర్వాత వదినగారు కబురు పెట్టింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. రైల్వే కాలనీ వెనక రెండు గదుల ఇల్లు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను అడుగుపెట్టడం అదే మొదలు. ఎన్నిసార్లు రమ్మన్నారో! పాఠం ఎగ్గొట్టినవాడు పంతులు ఇంటికి వెళ్ళడానికి జంకినట్టు జంకి, వెళ్ళేవాణ్ణి కాదు. ఇక్కడ పంతులు నేనే, అదే తేడా.

ఆవిడ దేవుడి గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి నాకిచ్చింది. లోపల మడతలు చిరిగిపోయిన గీతల కాగితం. ఆవిడకీ చదవడం రాదు, పిల్లలకి అంతకన్నా రాదు.

“ఆయన ఎవరిచేతా చదివించనని...” అన్నాను.

“ఆ ఒట్టు ఆయనది మరిదిగారూ. ఆయన్తోనే ఎల్లిపోయింది. నాకు ఇనాలనుంది. చదవండి.”

విప్పాను. ఒక్కొక్క అక్షరం గోరంత ఉంది, విడివిడిగా, ఒత్తి ఒత్తి రాసింది వాళ్ళమ్మ. కొన్ని అక్షరాల కింద పెన్సిలు చుక్కలున్నాయి. అ కింద, గ కింద, చ కింద, డ కింద. త మొదలుకొని దేని కిందా చుక్క లేదు. కళ్ళు మసకబారి, కాగితం ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది.

“‘బాబూ, నువ్వే చదువుతున్నావు కదా? నీకు పలక కొనిస్తే దాన్తో చింతకాయలు కొట్టినావు. నవ్వీసినాను గాని, తరవాత దిగులైపోయింది. ఈ ఊర్లో నా మాట నీకొస్తాది, నా రాత రాదు. నాను పోతే నా రాత చదివినోలు ఈ ఇంట్లో ఎవలూ ఉండరు. అందుకే ఇలాగ చేసినాను, కోప్పడకు. ఇందులో దాచిన సంగతులేటీ లేవు. నువ్వు నా అక్షరం చదవాలి, అంతే. పిల్ల జాగర్త. కోడలు మంచిది, అరవకు.’”

వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కాగితం మడవబోయాను.

“ఇంకా ఉంది మరిదిగారూ. మీ కళ్ళు కిందికెళ్ళినాయి” అంది ఆవిడ.

చదవక తప్పలేదు. “‘ఇంకొక్క మాట. నీకు ఇంత ఓపిక పట్టి అక్షరాలు నేర్పినోలెవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, వాళ్ళని ఇంటికి పిలిచి, కూకోబెట్టి, కడుపునిండా అన్నం ఎట్టు. నా తరపున.’”

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. వంటింట్లో కంచం తీసిన చప్పుడైంది.

“వద్దు వదినగారూ” అంటూ నేనూ లేచాను. “నేను నేర్పలేదండీ. ణ దగ్గరే ఆపేశాను.”

“తెలుసు. పెతీ శనివారం చెప్పేవోరు” అంది. గొంతులో దెప్పిపొడుపేమీ లేదు, అదే నన్ను చంపింది. “ఆయన ఉంటే ఈ పని రేపటికి ఉంచీవోరు కాదు. కూకోండి.”

కూర్చున్నాను. ఆవిడ పప్పు, వంకాయ కూర, నెయ్యి వేసింది. నేను తల ఎత్తకుండా తిన్నాను. కంచం ఖాళీ కాగానే మళ్ళీ గరిటె తీసుకుని వచ్చింది. చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టబోయాను.

“కడుపునిండా అని రాసింది కదా అత్త” అని ఇంకా వడ్డించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.